సుస్థిరత మీద పీహెచ్‌డీ చేస్తే సామాజిక న్యాయం సంగతి ఎక్కడ వస్తుంది?

మీరు అడిగినవి మూడు విషయాలుగా అర్థమైంది. పర్యావరణ శాస్త్రంలో పీజీ పూర్తి చేశారు, పరిశ్రమల పక్కనుండే కాలనీల్లో నీటి కాలుష్యం మీద పీహెచ్‌డీ చేయాలనుకుంటున్నారు. "సైన్స్ చేస్తావా, ఉద్యమం చేస్తావా, ముందు తేల్చుకో" అని డిపార్ట్‌మెంట్‌లో పెద్దలు అంటున్నారు. మొదటిది, సినాప్సిస్‌లో, అంటే పరిశోధన ప్రతిపాదనలో, సామాజిక న్యాయం అన్న మాట కనిపిస్తే కమిటీ పక్కన పెట్టేస్తుందేమోనన్నది మీ టెన్షన్. రెండోది, ఇలాంటి పరిశోధన చేసే పద్ధతి ఏమిటి అని. మూడోది, రేపు పాఠం చెప్పాల్సి వస్తే క్లాసులో సుస్థిరతను ఎలా బోధించాలి అని. నేను చాలా ఏళ్లుగా ఈ రంగంలోనే పాఠాలు చెబుతున్నాను, పీహెచ్‌డీ విద్యార్థులకు గైడ్‌గా ఉన్నాను, సెలెక్షన్ కమిటీల్లోనూ కూర్చున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు సూటిగా ఒక మాట. మీ ముందు పెట్టిన ఆ "ఇదా, అదా" అన్న షరతే తప్పు. ఏ ప్రశ్న మీద పని చేయాలో ఎవరు నిర్ణయించారు, శాంపిల్ ఎక్కడ తీశారు, ఎప్పుడు తీశారు, ఏ ఇంటిని వదిలేశారు అన్న దగ్గరే న్యాయం గురించిన ప్రశ్న మొదలవుతుంది. ఇవన్నీ పరిశోధన పద్ధతికి సంబంధించినవి. వీటిని వదిలేస్తే దెబ్బతినేది మీ సైన్సే.

సుస్థిర అభివృద్ధికి అందరూ చెప్పే నిర్వచనం ఐక్యరాజ్యసమితి నియమించిన బ్రుంట్‌లాండ్ కమిషన్ 1987లో ఇచ్చింది. రేపటి తరాల అవసరాలకు ఇబ్బంది రాకుండా నేటి అవసరాలు తీర్చుకోవడం అని మనం పరీక్షల్లో రాసేది దాని మొదటి వాక్యం మాత్రమే. ఆ వెంటనే కమిషన్ ఇంకో మాట చెప్పింది: అవసరాలు అంటే ముఖ్యంగా ప్రపంచంలోని పేదల కనీస అవసరాలని, వాటికే అన్నిటికంటే ముందు స్థానం ఇవ్వాలని. పాఠ్యపుస్తకాల్లో ఈ రెండో భాగం ఎప్పుడో రాలిపోయింది. కాబట్టి కమిటీలో ఎవరైనా "న్యాయం మీ సబ్జెక్టు కాదు కదా" అంటే, సబ్జెక్టు నిర్వచనంలోనే అది ఉందని మర్యాదగా గుర్తు చేయండి. పేదరికం మీద పనిచేసే ఆక్స్‌ఫామ్, స్టాక్‌హోం పర్యావరణ సంస్థ కలిసి 2020లో వేసిన లెక్క కూడా దగ్గర పెట్టుకోండి: 1990 నుంచి 2015 వరకు వెలువడిన కర్బన ఉద్గారాల్లో 52 శాతం ప్రపంచంలోని అత్యంత సంపన్నులైన 10 శాతం మందివి, పేదలైన సగం జనాభావి కేవలం 7 శాతం. ఇంత తేడా ఉన్నప్పుడు "మానవాళి వల్ల కాలుష్యం" అనే సగటు వాక్యం శాస్త్రీయంగా కూడా అసంపూర్ణమే.

మీది నీటి అంశం కాబట్టి అమెరికాలోని ఫ్లింట్ నగరం ఉదాహరణ దగ్గరగా చూద్దాం. మీరు సినాప్సిస్ రాసే ముందు దీన్ని పూర్తిగా చదవాలి. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోవడానికి ఆ నగరం డెట్రాయిట్ నుంచి కొనే నీళ్లు మానేసి ఫ్లింట్ నది నీటికి మారింది. నది నీటికి పైపులను తినేసే గుణం ఎక్కువ. దాన్ని అదుపులో ఉంచే రసాయనం, అంటే ఆర్థోఫాస్ఫేట్, కలపలేదు. పాత సీసపు పైపుల లోపలి పొర కరిగి సీసం నీళ్లలోకి దిగింది. జనం రంగు మారిన నీళ్ల సీసాలు పట్టుకుని మీటింగులకు వచ్చారు, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయన్నారు. అధికారులు మాత్రం నీళ్లు బాగానే ఉన్నాయన్నారు. అదే ఏడాది అక్టోబరులో జనరల్ మోటార్స్ తన ఇంజన్ ఫ్యాక్టరీలో విడిభాగాలు తుప్పు పడుతున్నాయని ఆ నీళ్లు వాడటం మానేసింది. జనానికి మాత్రం ఇంకో ఏడాది పాటు అవే నీళ్లు. ఆ నగర జనాభాలో సగానికి పైగా నల్లజాతి వారు, దాదాపు 40 శాతం మంది పేదరికంలో ఉన్నవారు.

ఇప్పుడు శాంపిల్ సంగతికి వద్దాం, అసలు కథ అక్కడే ఉంది. అధికారికంగా నీటి శాంపిల్ తీసేవాళ్లకు ఇచ్చిన సూచనల్లో ముందు రాత్రి కుళాయి కొన్ని నిమిషాలు వదిలేయమని ఉంది. అలా వదిలితే పైపులో నిలవ ఉండి సీసం కరిగించుకున్న నీళ్లు బయటికి పోతాయి. మర్నాడు పట్టిన సీసాలో సీసం తక్కువ కనిపిస్తుంది. అక్కడి నియమం ప్రకారం శాంపిళ్లను తక్కువ నుంచి ఎక్కువకు వరసగా పేర్చి, నూటికి తొంభయ్యో స్థానంలో ఉన్న రీడింగు చూస్తారు. అప్పటి నియమంలో అది 15 పీపీబీ, అంటే వంద కోట్ల భాగాల్లో 15 భాగాలు, దాటితే చర్య తీసుకోవాలి. అధికారుల జాబితాలోంచి బాగా ఎక్కువగా ఉన్న రెండు రీడింగులు తీసేయడంతో అంకె ఆ గీత కిందికి వచ్చింది. రికార్డు ప్రకారం నీళ్లు సురక్షితం అయిపోయాయి.

ఇంట్లో పిల్లలు జబ్బు పడుతుంటే ఊరుకోలేని ఒక తల్లి పట్టుదల వల్ల వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో నీటి ఇంజనీరింగ్ ప్రొఫెసర్ మార్క్ ఎడ్వర్డ్స్ బృందం రంగంలోకి దిగింది. ఆ ఒక్క ఇంట్లో ఒక శాంపిల్‌లో సీసం 13,000 పీపీబీ దాటింది. 2015 ఆగస్టులో ఆ బృందం దాదాపు 300 కిట్లు పంపితే, స్థానికులే ఇంటింటికీ తిరిగి పంచారు, ఎలా పట్టాలో నేర్పారు, తిరిగి పోగుచేశారు. ఒక్కో ఇంట్లో మూడు సీసాలు: రాత్రంతా కుళాయి వాడకుండా ఉంచి పొద్దున్నే పట్టిన మొదటి నీళ్లు, 45 సెకన్లు వదిలాక రెండోది, 2 నిమిషాలు వదిలాక మూడోది. 250కి పైగా ఇళ్ల నుంచి శాంపిళ్లు తిరిగొచ్చాయి. తొంభయ్యో స్థానంలో రీడింగు దాదాపు 27 పీపీబీ వచ్చింది. మరుసటి నెలలో పిల్లల డాక్టర్ మోనా హన్నా అటీషా ఆస్పత్రి రికార్డులు తీసి, రక్తంలో సీసం ఎక్కువగా ఉన్న పిల్లల శాతం 2.4 నుంచి 4.9కి పెరిగిందని చూపించారు. అక్టోబరులో నగరం మళ్లీ పాత నీటికి మారింది.

ఇందులో ఉద్యమం ఎక్కడ, సైన్స్ ఎక్కడ? విడదీయడానికి ప్రయత్నించండి, మీకే కుదరదు. జనం చెప్పింది నమ్మి మొదలుపెట్టడం వల్ల శాంప్లింగ్ పద్ధతి మెరుగైంది. అటుపక్క, సొంత నియమావళి ఉన్న ల్యాబ్ రీడింగులు కాబట్టే ఆ ఫలితాలు ఎవరూ కొట్టిపారేయలేకపోయారు.

నా దగ్గర పనిచేసిన ఒక అమ్మాయి విషయంలోనూ ఇదే చూశాను. ఒక కాలువ నీటి మీద తన పని. ల్యాబ్ బండి పొద్దున పదింటికి వస్తుంది కాబట్టి శాంపిళ్లన్నీ పదింటికే పెట్టుకుంది. మొదటి మీటింగ్‌లో అక్కడి ఆడవాళ్లు "వాసన వచ్చేది అర్ధరాత్రి దాటాక, తెల్లారేసరికి కొట్టుకుపోతుంది, పదింటికి ఏం దొరుకుతుంది?" అన్నారు. ఆ అమ్మాయి షెడ్యూల్ మార్చి, ప్రతి రెండు గంటలకు ఆటోమేటిగ్గా నీళ్లు పట్టే పరికరం అద్దెకు తెచ్చింది. రాత్రి రీడింగులకూ పగటి రీడింగులకూ పొంతనే లేదు. ఆ ఆడవాళ్లు చెప్పకపోయి ఉంటే, గణాంకాల పరంగా ఏ లోపమూ లేని ఒక థీసిస్ "కాలుష్యం లేదు" అని తేల్చేది. వైవాలో ఎవరూ పట్టుకోలేకపోయేవారు కూడా.

మీ అంశానికి దగ్గరగా ఉండే రెండో ఉదాహరణ అమెరికాలోని హ్యూస్టన్ నగరం. 1979లో టెక్సస్ సదరన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ బులార్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త, తన విద్యార్థులతో కలిసి నగరంలో చెత్త ఎక్కడెక్కడ పడుతోందో మ్యాపుల మీద గుర్తించారు. జీఐఎస్, అంటే కంప్యూటర్ మ్యాపులు, లేని రోజులవి. మునిసిపల్ రికార్డులు తిరగేయడం, వీధుల్లో తిరగడం, రంగు పిన్నులు గుచ్చడం. నగరానికి చెందిన 5 చెత్త డంపులూ నల్లజాతి పేటల్లోనే ఉన్నాయి, చెత్త కాల్చే 8 ఇన్సినరేటర్లలో 6 కూడా అక్కడే. అప్పటికి నగర జనాభాలో వాళ్లు నాలుగో వంతు మాత్రమే. ఒక కొత్త డంపును ఆపడానికి లాయరైన ఆయన భార్య వేసిన కేసుకు సాక్ష్యంగా ఈ పని మొదలైంది. కేసు ఓడిపోయారు. కానీ ఆ పద్ధతిలోంచే, కాలుష్యం ఎవరి ఇంటి పక్కన పడుతుందో లెక్కగట్టే ఒక అధ్యయన రంగం పుట్టింది. పర్యావరణ న్యాయం అని ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో కోర్సులు ఉన్నాయంటే ఆ పిన్నుల మ్యాపు దానికి ఒక పునాది. 1994లో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ పర్యావరణ న్యాయం మీద కార్యనిర్వాహక ఉత్తర్వు ఇచ్చే దాకా ఆ దారి సాగింది. మీ థీసిస్‌లో ఒక అధ్యాయం ఇలాంటి పంపిణీ విశ్లేషణ ఉండాలని నా గట్టి అభిప్రాయం: కాలుష్యం ఎంత ఉందన్నది ఒక అధ్యాయమైతే, ఎవరి మీద ఎంత పడుతోందన్నది ఇంకొకటి.

ఇంజనీరింగ్ పరంగా మెరుగైంది న్యాయంగానూ మెరుగవుతుందని చాలామంది అనుకుంటారు. ఎలినార్ ఆస్ట్రోమ్ బృందం నేపాల్ సాగునీటి వ్యవస్థల మీద చేసిన పని ఈ నమ్మకాన్ని కదిలిస్తుంది. ఉమ్మడి వనరుల నిర్వహణ మీద పరిశోధనకు ఆమెకు 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది, ఆ విభాగంలో తీసుకున్న మొదటి మహిళ ఆమే. రైతులే రాళ్లు, కొమ్మలు, మట్టితో కట్టుకున్న కాలువలు, ప్రభుత్వ సంస్థలు కాంక్రీటుతో కట్టిన కాలువల కంటే శివారు ఆయకట్టుకు మెరుగ్గా నీళ్లందిస్తున్నాయని తేలింది. కారణం ఆలోచిస్తే ఒళ్లు జలదరిస్తుంది. మట్టి కట్ట ఏటా కొట్టుకుపోతుంది. మళ్లీ కట్టాలంటే కాలువ మొదట ఉన్న రైతులకు శివారు రైతుల శ్రమ కావాలి. ఆ అవసరమే శివారు రైతుకు మాట్లాడే బలం ఇస్తుంది. ఎప్పటికీ చెక్కుచెదరని కాంక్రీటు హెడ్‌వర్క్స్ (కాలువలోకి నీళ్లు మళ్లించే కట్టడం) వచ్చాక పై రైతులకు ఆ అవసరం తీరిపోయింది, కింది రైతు చేతిలో బేరానికి ఏమీ మిగల్లేదు. నీటి ప్రవాహం మాత్రమే కొలిచే పరిశోధకుడికి ఈ విషయం ఏ పరికరంలోనూ దొరకదు.

పచ్చగా కనిపించే ప్రాజెక్టు కూడా అన్యాయం చేయగలదు. నార్వేలో ఫోసెన్ ద్వీపకల్పంలోని రెండు గాలిమరల పార్కులకు, మొత్తం 151 టర్బైన్లకు, ఇచ్చిన లైసెన్సులు చెల్లవని 2021 అక్టోబరులో ఆ దేశ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రెయిన్‌డీర్ల మందలు మేపుకునే అక్కడి మూలవాసులైన సామీ ప్రజల సాంస్కృతిక హక్కులు దెబ్బతిన్నాయన్నది కారణం. అప్పటికే టర్బైన్లు తిరుగుతున్నాయి. అనుమతులకు ముందే ఆ ప్రజలు అభ్యంతరం చెప్పారు, వినే ఏర్పాటు సరిగా లేకపోయింది.

ఇక పద్ధతి. జనంతో కలిసి పరిశోధన చేయడం కొత్త ఫ్యాషన్ కాదు. కొలంబియాకు చెందిన ఒర్లాండో ఫాల్స్ బోర్డా లాంటివాళ్లు 1970లలోనే దీన్ని ఒక పద్ధతిగా నిలబెట్టారు, 1977లో కార్తహేనాలో దీని మీద అంతర్జాతీయ సదస్సు జరిగింది. అంతకుముందే, 1969లో షెర్రీ ఆర్న్‌స్టైన్ ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించారు. అడుగున జనాన్ని మాటలతో బుజ్జగించడం, పైన నిర్ణయాధికారం వాళ్ల చేతికే ఇవ్వడం. చాలా ప్రాజెక్టుల్లో "కమ్యూనిటీ పార్టిసిపేషన్" అని రాసి, చేసేది మాత్రం కింది మెట్ల మీదే ఆగిపోతుంది. ఒక సర్వే ఫారం నింపించి చేతులు దులుపుకుంటారు. మీ సినాప్సిస్‌లో ఏ దశలో ఎవరికి ఏ నిర్ణయం మీద అధికారం ఉంటుందో ఒక పట్టికలో రాయండి. ప్రశ్న ఖరారు చేసేది ఎవరు, శాంపిల్ చోట్లు ఎంచేది ఎవరు, ఫలితం మొదట చూసేది ఎవరు. ఆ పట్టిక ఉంటే కమిటీకి కూడా మీరు సీరియస్ అని అర్థమవుతుంది.

అనుమతి పత్రం విషయంలో ఒక కేసు మీకు కంఠతా రావాలి. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ లోయ లోపల నివసించే హవసుపాయ్ తెగవారిలో మధుమేహం చాలా ఎక్కువ. 1990 ప్రాంతంలో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దానికి కారణం వెతుకుతామని రక్తం తీసుకున్నారు. మధుమేహంతో బాధపడే తమ పిల్లలకు మేలు జరుగుతుందని వాళ్లు ఇచ్చారు. తర్వాత అదే రక్తాన్ని స్కిజోఫ్రేనియా, దగ్గరి రక్తసంబంధాల్లో సంతానం, ఆ తెగ ఎక్కడి నుంచి వలస వచ్చిందన్న అధ్యయనాలకు వాడారు. తమ పుట్టుక ఆ లోయలోనే అని నమ్మే ప్రజలకు ఆఖరిది ఎంత గాయమో ఊహించండి. ఈ సంగతి బయటపడింది 2003లో, ఆ తెగ సభ్యురాలు ఒకరు యూనివర్సిటీలో ఒక పీహెచ్‌డీ వైవాకు వెళ్లి కూర్చున్నప్పుడు. 2010లో విశ్వవిద్యాలయం 41 మందికి కలిపి 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన రక్తం తిరిగి ఇచ్చేసింది. సంతకం ఉంది కదా అని పరిశోధకులు అనుకున్నారు. ఆ సంతకం దేనికి పెట్టారన్నది జనం గుర్తుపెట్టుకున్నారు.

దక్షిణ ఆఫ్రికాలో మూలవాసులైన సాన్ ప్రజలు ఇలాంటి అనుభవాలు చాలయ్యాక 2017లో తమ సొంత పరిశోధనా నియమావళి తామే రాసుకుని, మా దగ్గరికి వచ్చే పరిశోధకులు ఇది పాటించాలన్నారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ అన్నవి అందులో మూల విలువలు. మూలవాసుల డేటా విషయంలో 2019లో వచ్చిన "కేర్" సూత్రాలు కూడా చూడండి. డేటా ఎవరి గురించో వాళ్లకు దాని మీద అధికారం, దాని వల్ల ప్రయోజనం ఉండాలని అవి చెబుతాయి.

మీ స్థాయిలో దీన్ని ఆచరణలో పెట్టడం అంత కష్టం కాదు. మొదటి మీటింగ్‌లోనే రెండు విషయాలు బాహాటంగా చెప్పండి. ఒకటి, నీళ్లు బాగున్నాయని తేలితే అదే చెబుతాను, బాగోలేదని తేలితే అదే చెబుతాను. జనానికి ఇష్టంలేని ఫలితం వచ్చినప్పుడు మీ మాట నిలబడాలంటే ఇది ముందే చెప్పి ఉండాలి. రెండు, ఈ శాంపిల్ ఈ పరీక్షకే, ఇంకో పరీక్షకు వాడాలంటే మళ్లీ వచ్చి అడుగుతాను. ఆ తర్వాత శాంప్లింగ్ ప్రణాళిక తేదీ వేసి గైడ్ దగ్గర పెట్టండి, డేటా వచ్చాక మార్చలేనట్టు. పోల్చి చూడటానికి శుద్ధమైన నీళ్లు నింపిన సీసాలు (బ్లాంకులు), ఒకే చోట రెండేసి పట్టిన జంట శాంపిళ్లు తప్పనిసరి. ప్రతి పది శాంపిళ్లలో ఒకటైనా వేరే గుర్తింపు పొందిన ల్యాబ్‌కి పంపండి. సీసాల మీద కోడ్ తప్ప ఇంటి వివరం లేకుండా చూస్తే పరీక్ష చేసేవాళ్లకు ఏ ఇంటిదో తెలియదు. "మీకు పక్షపాతం ఉంది" అన్న ఆరోపణకు జవాబు వాదనలో దొరకదు, ఈ సీసాల్లోనే దొరుకుతుంది. ప్రశ్న ఎంచుకోవడంలో విలువలు ఉంటాయి, అది దాచాల్సిన పని లేదు. కొలతలో మాత్రం ఎవరి ఇష్టాయిష్టాలకూ చోటివ్వకండి.

ఫలితాలు బయటపెట్టే ముందు ఇంకో సంగతి ఆలోచించాలి, దీన్ని చాలామంది మర్చిపోతారు. ఫ్యాక్టరీ పక్క కాలనీలో ఉండేవాళ్లలో చాలామందికి ఆ ఫ్యాక్టరీలోనే ఉద్యోగం. మీ మ్యాపులో ఇల్లు గుర్తుపట్టేలా ఉంటే ఒకరి ఉద్యోగం పోవచ్చు, ఇంకొకరి ఇంటి విలువ పడిపోవచ్చు. అందుకే ఇంటి స్థాయి వివరం ఆ ఇంటివాళ్లకే, వీధి స్థాయి సారాంశం కాలనీకి, ఇంకా పెద్ద స్థాయిలో పేపర్‌కి అని ముందే ఒప్పందం చేసుకోండి. జనానికి ఇచ్చే నివేదిక పేపర్ కంటే ముందు, వాళ్ల భాషలో, ఒక పేజీలో ఉండాలి. శాంపిల్ పట్టడానికి, మీటింగులకు వాళ్లు ఇచ్చే సమయానికి బడ్జెట్‌లో డబ్బు చూపించండి. ల్యాబ్ అసిస్టెంట్‌కి జీతం ఇస్తాం, అదే పని ఇంటి దగ్గర చేసేవాళ్లకు టీ బిస్కెట్ ఇచ్చి సరిపెట్టడం నాకు ఎప్పుడూ అన్యాయంగానే అనిపిస్తుంది.

కెరీర్ గురించి నిజం చెప్పాలి. ఇలాంటి పనికి సమయం ఎక్కువ పడుతుంది. నమ్మకం కుదరడానికే నెలలు పోతాయి, ఆ నెలలకు పేపర్ రాదు. నియామకాల్లో ఇప్పటికీ జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఆ జర్నల్ పేపర్లను సగటున ఎంతమంది ఉదహరిస్తున్నారన్న అంకె) చూసే చోట్లు ఎక్కువే. జర్నల్ పేరును బట్టి పరిశోధకుడి విలువ కట్టొద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో తయారైన డోరా ప్రకటన చెప్పింది, వేల సంస్థలు, వ్యక్తులు సంతకం చేశారు. ఆచరణ నెమ్మదిగా వస్తోంది. అందుకని పేపర్లు తెలివిగా ప్లాన్ చేసుకోండి. రసాయన ఫలితాల మీద ఒకటి మామూలు పద్ధతిలో మంచి జర్నల్‌కి. శాంప్లింగ్ సమయం మారితే ఫలితం ఎలా మారిందన్నది పద్ధతి పేపర్‌గా ఇంకొకటి, దీనికి అనుకున్నదానికంటే గిరాకీ ఉంటుంది. పంపిణీ విశ్లేషణ మూడోది. దీంతో మీ గైడ్‌కీ నిశ్చింతగా ఉంటుంది.

బోధన విషయానికొస్తే, అంతర్జాతీయ ప్రకటనలకు కొదవ లేదు. 1977లో పర్యావరణ విద్య మీద తిబిలిసి సదస్సు, 1990లో ఫ్రాన్స్‌లోని తల్వార్‌లో విశ్వవిద్యాలయాల అధిపతుల ప్రకటన, 2005 నుంచి 2014 వరకు సుస్థిర అభివృద్ధి విద్య కోసం ఐక్యరాజ్యసమితి దశాబ్దం, 2015 సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో దీని గురించే చెప్పే 4.7. వీటిని ఒక క్లాసులో చెప్పి వదిలేయండి, అంతకంటే సమయం ఇవ్వొద్దు. విద్యార్థి మనసు మారేది లెక్క చేస్తున్నప్పుడు. నేను ప్రతిసారీ చేయించే లెక్క ఒకటి ఇస్తాను. వందేళ్ల తర్వాత జరగబోయే 100 యూనిట్ల నష్టానికి ఈరోజు విలువెంత? డిస్కౌంట్ రేటు, అంటే రేపటి విలువను ఏడాదికి ఎంత శాతం చొప్పున తగ్గించి చూస్తామన్నది, 5 శాతం తీసుకుంటే 1 కంటే తక్కువ, దాదాపు 0.76. 1.4 శాతం తీసుకుంటే దాదాపు 25. వాతావరణ మార్పు ఖర్చుల మీద 2006లో బ్రిటన్ ప్రభుత్వానికి నికొలస్ స్టెర్న్ ఇచ్చిన నివేదిక వాడింది ఇంచుమించు ఈ 1.4 శాతమే. ఆర్థికవేత్తల్లో దాని మీద పెద్ద చర్చే నడిచింది. క్లాసులో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "సార్, ఈ రేటు ఎవరు నిర్ణయిస్తారు?" ఆ ప్రశ్న వచ్చాక పాఠం దానంతట అదే నడుస్తుంది. ఇంకా పుట్టని మనిషి బతుక్కి మనం ఎంత విలువ కడుతున్నామన్నది ఒక చిన్న అంకెలో దాగి ఉందని వాళ్లే కనిపెడతారు.

అలాగే ఒక వస్తువు జీవితకాల ప్రభావం లెక్కగట్టే పద్ధతి నేర్పేటప్పుడు, అది వేర్వేరు చోట్ల జరిగే నష్టాన్ని కలిపి ఒక మొత్తంగా చూపిస్తుందని చెప్పండి. ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ తీసుకోండి. ప్రపంచంలో తవ్వే కోబాల్ట్‌లో దాదాపు 70 శాతం కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం నుంచి వస్తుంది, కొంత భాగం చేతితో తవ్వే చిన్న గనుల నుంచి. పొగ తగ్గిన నగరం, దుమ్ము పెరిగిన గని ప్రాంతం రెండూ ఒకే కూడికలో కలిసిపోతాయి. కూడిక తప్పు కాదు. కూడాక ఒకసారి మళ్లీ విడదీసి చూపించమని విద్యార్థులను అడగండి.

ప్రాజెక్టు పనికి దూరం వెళ్లక్కర్లేదు, క్యాంపస్సే చాలు. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఏ బోర్లు, మురుగు ఎక్కడికి పోతోంది, చెత్త వేరు చేసేది ఎవరు, వాళ్ల చేతులకు గ్లవ్స్ ఉన్నాయా, జీతం సకాలంలో వస్తోందా. హరిత క్యాంపస్ ర్యాంకుల కోసం యూనివర్సిటీలు చాలా శ్రమ పడుతున్నాయి. 2010లో ఇండొనేషియా విశ్వవిద్యాలయం మొదలుపెట్టిన గ్రీన్‌మెట్రిక్‌లో క్యాంపస్ ఏర్పాట్లు, విద్యుత్తు, చెత్త, నీరు, రవాణా, విద్య లాంటి విభాగాలున్నాయి. చెత్త విభాగం ఉంది, చెత్త ఎత్తే మనిషికంటూ ఒక విభాగం లేదు. మీ విద్యార్థులు ఆ లేని విభాగం తామే తయారుచేసి మార్కులు వేస్తే అంతకంటే మంచి అసైన్‌మెంట్ ఉండదు. అయితే ఇంటర్వ్యూలు చేసే ముందు ఆ కార్మికులకు ఇబ్బంది రాకుండా పైన చెప్పిన అనుమతి నియమాలన్నీ ఇక్కడా వర్తిస్తాయి.

డిపార్ట్‌మెంట్‌లో మీకు కాస్త మాట చెల్లుబాటు అయ్యే రోజు వచ్చాక నెదర్లాండ్స్ నమూనా ప్రతిపాదించండి. 1970లలో అక్కడి యూనివర్సిటీల్లో "సైన్స్ షాపులు" మొదలయ్యాయి. డబ్బు పెట్టి పరిశోధన చేయించుకోలేని సంఘాలు తమ ప్రశ్న తెచ్చి ఇస్తాయి, విద్యార్థులు గైడ్ల పర్యవేక్షణలో దాన్ని ప్రాజెక్టుగా చేస్తారు, క్రెడిట్లు వస్తాయి. ప్రశ్న తెచ్చినవాళ్లకు వ్యాపార లాభం ఉండకూడదు, ఫలితాన్ని వాడుకునే స్థితిలో ఉండాలి. ఒక గది, ఒక కోఆర్డినేటర్ ఉంటే మొదలుపెట్టొచ్చు. ప్రశ్న ఊళ్లోంచి క్యాంపస్‌కి నడిచి రావడం అన్న ఆ దిశ మార్పే నాకు అందులో అన్నిటికంటే నచ్చేది.

కమిటీకి వెళ్లేటప్పుడు టైటిల్‌లో పెద్ద మాటలు పెట్టకండి. "పారిశ్రామిక ప్రాంత నివాసాల్లో తాగునీటి కాలుష్యం: కాల, స్థల, సామాజిక పంపిణీ" లాంటిది సరిపోతుంది. న్యాయం అనే మాట ఒక్కసారే వాడినా, శాంప్లింగ్ ప్రణాళికలో, పంపిణీ అధ్యాయంలో, అనుమతి పత్రంలో అది నిండుగా కనిపించాలి. "ఇది ఉద్యమం కాదా" అని అడిగితే ఫ్లింట్ మూడు సీసాల సంగతి రెండు నిమిషాల్లో చెప్పండి. నేను కూర్చున్న కమిటీల్లో పద్ధతి గట్టిగా ఉన్న ప్రతిపాదనను ఆ ఒక్క మాట ఉందని తిప్పి పంపడం చూడలేదు. పద్ధతి లేకుండా ఆవేశం మాత్రమే ఉన్నవాటిని తిప్పి పంపారు, అది సబబే.

గైడ్‌ను ఎంచుకునే ముందు ఆయన పాత విద్యార్థులు ఇద్దరితో ఫోన్‌లో మాట్లాడండి. ఫీల్డ్‌వర్క్ ఆలస్యమైనప్పుడు ఎలా స్పందించారో, ఫలితాలు జనానికి తిరిగి ఇచ్చారో లేదో, ఫ్యాక్టరీ వైపు నుంచి ఒత్తిడి వస్తే వెనక నిలబడ్డారో లేదో అడగండి. ఆ ప్రాజెక్టుకు డబ్బు ఎవరిదో, ప్రచురణకు ముందు వాళ్ల అనుమతి అవసరమన్న షరతు ఏమైనా ఉందో కూడా ఒప్పంద పత్రం తెప్పించుకుని చదవండి. అలాంటి షరతు ఉంటే చేరకముందే తీయించండి, చేరాక ఎవరూ తీయరు. సినాప్సిస్ చిత్తుప్రతి సిద్ధమయ్యాక ఇక్కడ పెడితే శాంప్లింగ్ భాగం, అనుమతి పత్రం భాగం వరకు నేను చూసి చెబుతాను.